గుర్రం లేని స్కౌటు

తెర మీద దూరంగా దుమ్ము లేస్తుంది. పటాలం ఆగుతుంది. అందరికంటే ముందున్నవాడు గుర్రం దిగి, ఒంటి మోకాలి మీద కూచుని, నేలని వేళ్ళతో తడిమి చూస్తాడు. ఆరిపోయిన నెగడు బూడిదని చేత్తో కెలుకుతాడు. "పన్నెండు గుర్రాలు... తెల్లారకముందే దాటారు" అంటాడు. అంతే! నేల క్లాసు నుంచి బాల్కనీ దాకా ఈలలే ఈలలు!

ఆ ముందు నడిచేవాణ్ణే ఇంగ్లీషు బొమ్మల్లో స్కౌటు అంటారు. మన పాత మాటల్లో చెప్పాలంటే వేగు, వేగులవాడు. పటాలానికి కళ్ళూ చెవులూ వాడే. దారి వాడికే తెలుసు, నీళ్ళెక్కడ దొరుకుతాయో వాడికే తెలుసు. ఏ గుట్ట వెనక చావు పొంచి ఉందో కూడా వాడికే తెలుసు. "మెకన్నాస్ గోల్డ్" (1969) మన దేశంలో విరగబడి ఆడిన రోజుల నుంచీ మన కుర్రకారుకి ఆ ఎడారులూ, ఆ లోయలూ, ఆ అపాచీలూ చుట్టాలైపోయారు. 1971లో కృష్ణ టోపీ పెట్టి, తుపాకి పట్టి "మోసగాళ్ళకు మోసగాడు"గా వచ్చేసరికి కౌబాయ్ మన ఇంటివాడే అయ్యాడు. ఆరుద్ర రాసిన కథకి కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం, రాజస్థాన్ ఇసుకలో గుర్రాల పరుగు... ఇంకేం కావాలి?

కౌబాయ్ వచ్చాడు సరే. మరి స్కౌటు సంగతి? వాడు మన దగ్గర లేడా?

ఉన్నాడు మహాశయా! గుర్రం లేదంతే. కాళ్ళకి చెప్పులు కూడా లేవు. భద్రాచలం అడవిలో, గోదారికి ఇటూ అటూ వెదురు పొదల మధ్య నుంచి పటాలాలకి ముందు నడిచిన మనిషి ఒకడున్నాడు. అతని దగ్గరికి వెళ్ళేముందు అసలు అమెరికా స్కౌటు ఎవరో కాస్త చూద్దాం. తెర మీదవాడు వేరు, నేల మీదవాడు వేరు.

తెర మీద స్కౌటంటే తెల్లవాడు. జింకతోలు కోటు, పొడుగు జుట్టు, భుజాన రైఫిలు. ఈ బొమ్మని ప్రపంచానికి అమ్మినవాడు బఫెలో బిల్ కోడీ. అతను నిజంగానే స్కౌటు. 1868లో అయిదో అశ్విక దళానికి ముఖ్య స్కౌటుగా చేరాడు, 1872లో పతకమూ అందుకున్నాడు. 1883లో మాత్రం అసలు కిటుకు కనిపెట్టాడు. యుద్ధం చేయడం కంటే యుద్ధాన్ని టిక్కెట్టు పెట్టి చూపించడంలో లాభం ఎక్కువని! గుర్రాలూ తుపాకులూ నిజమైన ఇండియన్లూ పెట్టి "వైల్డ్ వెస్ట్" ప్రదర్శన కట్టి ఊళ్ళూ దేశాలూ తిరిగాడు. ఆ తర్వాత వచ్చిన హాలీవుడ్ స్కౌట్లందరూ ఆ ప్రదర్శన బిడ్డలే.

నేల మీద సంగతి వేరు. 1866లో అమెరికా చట్టసభ ఒక చట్టం చేసింది. వెయ్యిమందికి మించకుండా ఇండియన్లనే స్కౌట్లుగా సైన్యంలోకి తీసుకోవచ్చు, అశ్విక దళం సిపాయికిచ్చే జీతమే వాళ్ళకీ ఇవ్వాలి. 1870ల్లో మామూలు సిపాయి జీతం నెలకి 13 డాలర్లు. ఆ డబ్బుకి ఒక అపాచీ మరో అపాచీ జాడ పట్టాలి.

ఎందుకు ఒప్పుకున్నాడు? "ద్రోహి" అని ఒక్క మాటతో తేల్చేయడం సులువే. మన సినిమా రచయితలు చేసేదీ అదే. క్రో తెగవాళ్ళ వేట భూముల్ని లకోటాలు ఆక్రమించారు కాబట్టి, లకోటాల మీదికి వెళ్ళే కస్టర్ వెంట వాళ్ళు నడిచారు. అపాచీల సంగతి ఇంకోటి. రిజర్వేషన్ అని గీత గీసి అందులో కూలేశాక వేట లేదు, తుపాకి లేదు, సర్కారు పంచే రేషన్ కోసం వరసలో నిలబడడమే. స్కౌటుగా చేరితే మళ్ళీ చేతికి తుపాకి వస్తుంది, మళ్ళీ కొండ ఎక్కనిస్తారు. మగాడిగా బతకడానికి మిగిలిన ఒకే ఒక ఉద్యోగం అది!

1876 జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర, ఎదుటనున్న గుడారాల ఊరు మామూలుది కాదని కస్టర్‌కి ముందుగా చెప్పింది ఆ ఇండియన్ స్కౌట్లే. దొర వినలేదు. కస్టర్‌తో పాటు అతని వెంట వెళ్ళిన ఏడో దళం సిపాయిలందరూ చచ్చారు. అతనికి ఇష్టమైన అరికారా స్కౌటు బ్లడీ నైఫ్ కూడా ఆ రోజే పోయాడు. చెప్పేవాడి మాట వినకపోవడం ఒక్క కస్టర్‌కే చెల్లిన జబ్బు కాదనుకోండి.

ఇక మన అడవికి వద్దాం.

భద్రాచలం రాముడి గుడి మెట్ల మీద నిలబడి గోదారి వైపు చూడండి. ఒకప్పుడు ఆ అవతలి ఒడ్డు నిజాం రాజ్యం. పాల్వంచ అడవులు, అటు నుంచి ఖమ్మం. ఇవతలి ఒడ్డు 1874 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లా. అంతకుముందు అదీ కాదు, సెంట్రల్ ప్రావిన్సెస్! ఉత్తరంగా పోతే బస్తరు. కూనవరం దగ్గర గోదారిలో కలిసే శబరి వెంట పైకి పోతే జయపురం వారి మల్కనగిరి. తూర్పున కొండల వరస దాటితే రంప, దాని పైన గూడెం. ఇన్ని సర్కార్లు గీసిన ఇన్ని గీతల కింద అడవి మాత్రం ఒక్కటే. అందులో కోయలూ కొండరెడ్లూ ఒక్కటే. పెళ్ళి సంబంధాలు ఏ గీత దగ్గరా ఆగవు.

దీని అర్థం ఏమిటో కౌబాయ్ సినిమాలు చూసిన మీకు వేరే చెప్పాలా? అపాచీ జెరోనిమో మెక్సికో సరిహద్దు దాటాడంటే అమెరికా సైన్యానికి తలనొప్పి మొదలయ్యేది. ఇక్కడ గోదారి దాటితే నిజాం, శబరి దాటితే మరో దొరతనం. పోలీసుకి సరిహద్దు ఉంది. పితూరీదారుకి లేదు!

రేకపల్లి పితూరీ ఇలాగే పుట్టింది. సెంట్రల్ ప్రావిన్సెస్ పాలనలో పోడు కొట్టుకునేవాడు గొడ్డలికి నాలుగణాల చొప్పున కట్టేవాడు, నచ్చినచోట కొట్టుకునేవాడు. మద్రాసు సర్కారు వచ్చి ఆ పన్నుని దాదాపు మూడింతలు చేసింది. పైగా కొన్ని చోట్ల అడుగే పెట్టొద్దంది. 1879 మార్చిలో రంపలో కల్లు పన్నుల మీదా మునసబుదారు మీదా తిరుగుబాటు లేచింది. అది జూలైకల్లా కొండలు దాటి భద్రాచలం తాలూకాలోని రేకపల్లికి అంటుకుంది. నాయకుడు తమ్మన్నదొర.

ఈ కొండల్లోని కొద్దిమంది విల్లు-గొడ్డలి మనుషుల కోసం మద్రాసు సర్కారు ఏం దింపిందో తెలుసా? ఆరు రెజిమెంట్ల పదాతి దళం, గుర్రపు దళం, రెండు కంపెనీల సాపర్లు! నిజాం వైపు నుంచి హైదరాబాదు కంటింజెంటు అదనం. అంత చేసీ తమ్మన్నదొర సంవత్సరం పాటు చిక్కలేదు. 1880 జూలైలో, రేకపల్లిలో కాదు, మల్కనగిరి వైపు అడవిలో హతుడయ్యాడు.

ఎందుకింత ఆలస్యం? మన్యంలో అడుగుపెడితే గాని అర్థం కాదు. వానాకాలం వచ్చిందంటే వాగులు దారుల్ని మింగేస్తాయి. వెదురు పొదల్లో పది గజాల అవతల ఏనుగు నిలబడ్డా కనిపించదు. ఫిరంగి లాగే ఎద్దులు ఘాట్ ఎక్కలేవు. వీటన్నిటికీ మించి మన్యం జ్వరం! తుపాకి తగలకుండానే సిపాయిలు మంచాలెక్కేవారు. అలాంటి చోట పటాలానికి ఒక మనిషి కావాలి. ఏ వాగు ఎక్కడ దాటొచ్చో, ఏ కాలిబాట ఏ గూడేనికి పోతుందో, ఏ ఊట ఎండాకాలంలో కూడా ఆరదో తెలిసిన మనిషి.

వాడే మన స్కౌటు. అతను నేల చూసి చెప్పేది సినిమావాళ్ళు చూపించే దానికంటే చాలా ఎక్కువ. రాలిన టేకాకు తడివైపు పైకి తిరిగి ఉందా, ఎవరో ఇప్పుడే నడిచారు. గడ్డి మీద మంచు ఒక వరసలో రాలిపోయి ఉందా, తెల్లారాక వెళ్ళారు. వాగు నీళ్ళలో బురద ఇంకా తేరలేదా, ఎంతో దూరం పోలేదు. జీలుగు చెట్టుకి కట్టిన కల్లు కుండ నిండి పొర్లుతోందా, దాని సొంతదారు నిన్నటి నుంచీ ఊళ్ళో లేడు. మరి ఎక్కడికి పోయినట్టు? ఈ ఆఖరిది ఏ హాలీవుడ్ స్కౌటుకీ రాదు!

అమెరికా స్కౌటుకి చట్టం ఉంది, జీతం ఉంది, యూనిఫారం కోటు ఉంది. మన్యం స్కౌటుకి ఉన్నది వెట్టి. దొర కాంపు వస్తే మూటలు మోయడానికి మనుషుల్ని పంపాలి. దారి చూపేవాడూ తరచు ఆ మూట మోసేవాడే. రంప పితూరీ అణిగాక సర్కారు మునసబుదారుని తీసేసి, ముఠాదార్లతోనే నేరుగా ఒప్పందాలు చేసుకుంది. ముఠా నీకే, కాని శాంతి కాపాడాలి, పితూరీ మాట చెవిన పడితే కబురు పెట్టాలి అని షరతు. అంటే ముఠాదారు పుట్టుకతోనే వేగు అయిపోయాడన్నమాట. కబురు చెబితే తన వాళ్ళకి కాడు, చెప్పకపోతే ముఠా పోతుంది.

1922లో ఈ ముడి బిగుసుకుంది.

అల్లూరి సీతారామరాజు కథ మీకు నేను చెప్పక్కరలేదు. అయినా స్కౌటు కంటితో ఆ మూడు రోజుల్నీ ఒకసారి చూడండి. ఆగస్టు 22న చింతపల్లి స్టేషను, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు, చేతికి చిక్కిన తుపాకులు 26. మోటారు లేదు, గుర్రపు దళం లేదు. అంతమందిని అడవి దారిన ఒక చోట నుంచి మరో చోటికి వేళకి చేర్చాలంటే ముందు నడిచేవాడు ఎంతటివాడై ఉండాలి! గాం గంటందొర, మల్లుదొర లాంటి వాళ్ళు రాజుకి కత్తులు మాత్రమే కారు. ఆ కొండల పటమంతా వాళ్ళ తలల్లోనే ఉంది.

సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్. ఇరుకు దారి, రెండు పక్కలా ఎత్తు. పోలీసు పటాలం వస్తోంది. ముందు వరసలో మనవాళ్ళు, వెనక తెల్ల అధికారులు. పొదల్లో రాజు మనుషులు తుపాకులు ఎక్కుపెట్టి ఉన్నారు. ముందు వరస కళ్ళెదుట నుంచే పోతోంది. ఒక్క గుండూ పేలలేదు. వాళ్ళని పోనిచ్చారు! ఆ వెనక వచ్చిన స్కాట్ కవర్డు, హైటర్ మాత్రం అక్కడే కూలిపోయారు. వాళ్ళ సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి.

నన్నడిగితే ఆ రోజు అసలు సీను ముందు నడిచినవాడిది. వెనక తుపాకి మోత వినగానే అతనికి తెలిసిపోయి ఉండాలి, తన ప్రాణం తన తెలివి వల్ల కాదు, పొదల్లోనివాడి దయ వల్ల మిగిలిందని. ఆ తర్వాత ఎవడైనా దారి చూపమంటే కాళ్ళు కదులుతాయా?

కదల్లేదు కాబట్టే మలబారు పోలీసుల్ని తెచ్చారు. 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్‌ని దించారు. కొండల్లో పుట్టి పెరిగినవాళ్ళే. కొండంటే భయం లేదు, కాని ఈ కొండ వాళ్ళకి కొత్త! రాజు తల మీద 10,000 రూపాయల వెల కట్టారు. ఆ రోజుల్లో పది వేలంటే మాటలా? ఇంకోపక్క గూడేల మీద జరిమానాలు, బెదిరింపులు. పటాలం వచ్చి బియ్యం ఎవరికి పెట్టావంటుంది. రాత్రి కొండ దిగినవాళ్ళు పటాలానికి ఏం చెప్పావంటారు. మధ్యనున్నవాడికి రెండు తుపాకుల వైపూ చూసి జవాబు చెప్పాలి. 1924 మే 7న మంప దగ్గర రాజు దొరికాడు, కొయ్యూరులో మేజర్ గుడాల్ కాల్పించాడు. దాదాపు రెండేళ్ళ వేట అలా ముగిసింది.

యాభై ఏళ్ళకి, 1974 మే 1న, "అల్లూరి సీతారామరాజు" తెర మీదికి వచ్చింది. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం, కృష్ణకి నూరో చిత్రం. నిజమైన మన్యంలోకే, చింతపల్లి వైపు, యూనిట్టుని తీసుకెళ్ళి తీశారు. దర్శకుడు వి. రామచంద్రరావు మధ్యలోనే కన్నుమూశారు. పోరాట దృశ్యాల్ని చిత్రీకరించింది మన "మోసగాళ్ళకు మోసగాడు" కె.ఎస్.ఆర్. దాసే! కౌబాయ్ ఫైట్లు తీసిన చెయ్యే మన్యం ఫైట్లూ తీసింది. అందుకే కాబోలు, ఆ కొండ దారుల్లో తుపాకులు పేలుతుంటే మన కుర్రాళ్ళకి వైల్డ్ వెస్ట్ కనిపించింది. మహారథి మాటలు, జగ్గయ్య రూథర్‌ఫర్డ్ వేషం ఇప్పటికీ చెవుల్లోనే ఉన్నాయి. 2022లో వచ్చిన "ఆర్ ఆర్ ఆర్" అయితే రామరాజుని పోలీసు చొక్కా తొడిగించి, మరొకరి జాడ పట్టే వేటగాడిగా చూపించింది. అది పూర్తిగా కల్పన. కాని చిత్రం చూడండి, కల్పనలోనైనా ఆ వేషంలో బోలెడు నాటకం ఉందని కనిపెట్టారు.

రాజుతో అయిపోలేదు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం రాజ్యం పోయింది. తెలంగాణ సాయుధ పోరాట దళాలు మైదానాల్లో నిలవలేక పాల్వంచ, ఇల్లెందు, ములుగు అడవులకి, గోదారి ఒడ్డుకి జరిగాయి. మళ్ళీ అదే అడవి, అదే కోయగూడెం, అదే ప్రశ్న. దళానికి కబురు మోసిందీ కోయ కుర్రాడే, సైన్యం దారి అడిగిందీ కోయ కుర్రాణ్ణే. దారి చెప్పేవాడు దొరకని చోట సైన్యం ఏం చేసిందో పుచ్చలపల్లి సుందరయ్య తన పుస్తకంలో రాశారు. గూడేలు ఖాళీ చేయించి జనాన్ని కాంపుల్లోకి తోలారు. అడవిలో మనిషే లేకపోతే దళానికి అన్నం పెట్టేదెవరు, కబురు చెప్పేదెవరు? మలయాలో బ్రిటిష్‌వాళ్ళు, అరిజోనాలో అమెరికావాళ్ళు పన్నిన ఎత్తు కూడా ఇదే. 1951 అక్టోబరులో పోరాటం విరమించారు.

ఇవన్నీ తాతల నాటి సంగతులనుకునేరు. 2005 నుంచి పక్కనే బస్తరులో సల్వాజుడుం నడిచింది. గిరిజన కుర్రాళ్ళని స్పెషల్ పోలీసాఫీసర్లన్నారు. నెలకి 3,000 రూపాయలు. అయిదో తరగతి చదివితే చాలు. వాళ్ళు దారి చూపేవాళ్ళు, జాడ చెప్పేవాళ్ళు, భాష తర్జుమా చేసేవాళ్ళని సర్కారే సుప్రీంకోర్టుకి చెప్పింది. 2011 జూలై 5న జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ నిజ్జర్ ఆ పద్ధతి చెల్లదన్నారు. తుపాకులు వెనక్కి తీసుకోమన్నారు, తీసుకున్నాక ఆ కుర్రాళ్ళ ప్రాణాలు కాపాడమనీ అన్నారు. ఎందుకు? ఒకసారి దారి చూపినవాడు తన ఊరి దారి పట్టలేడు కనక. ఆ గొడవల్లో వేలమంది గొత్తికోయలు గూడేలు వదిలి ఖమ్మం, భద్రాచలం అడవుల్లోకి వచ్చిపడ్డారు. పోట్లాట తమది కాకపోయినా నడక మాత్రం వాళ్ళదే అయింది.

ఇప్పుడు మళ్ళీ అమెరికా. అసలైన కథ దాచి ఉంచాను.

1886. జెరోనిమో వెంట ఆడా మగా పిల్లా జెల్లా కలిపి నలభై మందికి మించి లేరు. జనరల్ మైల్స్ దగ్గర సుమారు 5,000 మంది సైనికులు. కొండల మీద అద్దాలు పెట్టి ఎండని తళుక్కుమనిపిస్తూ కబుర్లు పంపించుకునేవారు. వేసవంతా వేటాడినా ఒక్కణ్ణీ పట్టలేకపోయారు. చివరికి ఇద్దరు చిరికాహువా అపాచీల్ని పిలిచారు. కయీటా, మార్టీన్. జెరోనిమో మనుషుల్లో కయీటాకి చుట్టాలున్నారు. లెఫ్టినెంట్ గేట్‌వుడ్‌ని వెంటబెట్టుకుని మెక్సికో కొండల్లోకి వెళ్ళి, తెల్లగుడ్డ కర్రకి కట్టి, తుపాకుల ఎదుటికి ఆ ఇద్దరే నడిచి ఎక్కారు. పైన ఉన్నవాళ్ళు కాల్చలేదు. మాట కలిసింది. సెప్టెంబరు 4న జెరోనిమో లొంగిపోయాడు. 5,000 మంది చేయలేని పని ఇద్దరు స్కౌట్లు ఒక్క గుండు పేలకుండా చేశారు.

దానికి బహుమానం? జెరోనిమో మనుషుల్ని రైలెక్కించి ఫ్లోరిడా పంపారు కదా, వాళ్ళతో పాటు కయీటానీ మార్టీన్‌నీ కూడా ఖైదీలుగానే పంపారు! సర్కారు కొలువులో పనిచేసిన చిరికాహువా స్కౌట్లందరికీ అదే గతి. ఫ్లోరిడా, ఆ తర్వాత అలబామా, ఆ పైన ఓక్లహామా... 1913 దాకా యుద్ధఖైదీలే. ఇరవై ఏడేళ్ళు!

హాలీవుడ్ ఈ మనిషిని కొంచెమైనా చూసింది. 1972లో రాబర్ట్ ఆల్డ్రిచ్ తీసిన "ఉల్జానాస్ రెయిడ్"లో బర్ట్ లాంకాస్టర్ ముసలి స్కౌటు. పక్కనే కె-ని-తే అనే అపాచీ స్కౌటుగా జార్జ్ లూక్ నటించాడు. ఆ అపాచీ మాట్లాడేది తక్కువ, కాని అతను తెర మీద ఉన్నంతసేపూ మనకి ఊపిరాడదు. వీడు ఏ పక్షం? ఎవరి కోసం నడుస్తున్నాడు?

మన దగ్గర ఇలాంటి పాత్రకి ఖర్చేముంది? గుర్రాలక్కర్లేదు, ఎడారి సెట్టు అక్కర్లేదు, రాజస్థాన్ ప్రయాణం అక్కర్లేదు. చింతూరు వెదురు పొదలూ, శబరి ఇసుకా ఉన్నాయి. దామనపల్లి ఘాట్‌లో ముందు నడిచినవాణ్ణే తీసుకోండి. భుజాన దొరగారి మూట, చేతిలో కర్ర, వెనక పటాలం బూట్ల చప్పుడు. పొదలో తనవాడి కళ్ళు కనిపించాయి. ఇద్దరి చూపులూ కలిశాయి. వాడు నడక ఆపలేదు, వెనక్కి తిరిగీ చూడలేదు. ఇక్కడ ఇంటర్వెల్ కార్డు వేయండి!